ఓటమి మా ఇంటి చుట్టం

ఈ నెల ఏదైనా పుణ్యక్షేత్రం గురించో, పాతకాలపు పెళ్ళిళ్ళ గురించో నాలుగు మాటలు రాద్దామని కాగితం ముందు వేసుకుని కూర్చున్నాము. కలం సాగలేదు. కారణం చెబితే నవ్వుతారు. ముందురోజు రాత్రి మా జట్టు ఓడిపోయింది. ఏ జట్టు అని అడుగుతారు గదా! ఏ జట్టయితేనేమి, మేము ఎవరి పక్షం వహిస్తే వారు ఓడిపోతారు. ఇది మా జాతకదోషమని మా ఇంటావిడ నమ్మకం. ఆట చివరి ఘట్టంలో పడినప్పుడు ఆవిడే వచ్చి, "మీరు కాసేపు వీధరుగు మీద కూర్చోండి, పాపం ఆ కుర్రాళ్ళు గెలుచుకుంటారు" అని మమ్మల్ని లేవదీసిన సందర్భాలు కద్దు. మేము అరుగు మీద కూర్చున్నా వాళ్ళు ఓడిపోయారు. అంచేత దోషం మాది కాదని రుజువైంది గదా అన్నాము. ఆవిడ ఒప్పుకోలేదు. "అరుగు మీద ఉన్నా మీ మనసు ఇక్కడే ఉందిగా!" అంది.

ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో ఇటువంటి జాతకులు ఇంకా కొందరున్నారని మాకు తెలుసు. వారి కోసమే ఈ నెల కబుర్లు. ఆటలంటే గిట్టనివారు ఈ పుట తిప్పేసి వంటల పుటకు వెళ్ళవచ్చు. మేమేమీ అనుకోము.

మన గంజాం తెలుగువాళ్ళ కష్టం ఒకటుంది. ఇతరులకు ఒక్క రాష్ట్రం, ఒక్క జట్టు, ఒక్క ఓటమి. మనకు అన్నీ రెండేసి. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధానిలోంచి కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి వచ్చింది. మన తాతలు రస్సెల్‌కొండ అని పిలిచిన ఊరు తరవాత కవిసమ్రాట్ ఉపేంద్ర భంజుని పేర భంజనగర్ అయింది. ఊరు కదలలేదు, ఇళ్ళు కదలలేదు, సరిహద్దు గీత మాత్రం కదిలింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో రెండూ. అంతవరకు బాగానే ఉంది. రెండు భాషలు వస్తే రెండు లాభాలు. కాని రెండు జట్లుంటే రెండు దుఃఖాలని ఆటలు చూడడం మొదలుపెట్టాకనే తెలిసింది.

రంజీ ట్రోఫీ సంగతే చూడండి. ఒరిస్సా జట్టు 1949-50లో ఆ పోటీలో అడుగుపెట్టింది. ఆంధ్ర జట్టు 1953-54లో వచ్చింది. డెబ్భై ఏళ్ళు దాటిపోయాయి. ఒక్కసారి కూడా అటు వారూ గెలవలేదు, ఇటు వారూ గెలవలేదు. హైదరాబాదు వారు 1937-38లో ఒకసారి, 1986-87లో మరొకసారి గెలిచారు. దాన్ని మన ఖాతాలో వేసుకుందామా అంటే, మా బావగారు ఒకాయన "అది నిజాం జిల్లాల లెక్క, మీ బరంపురం పద్దులో రాయకు" అని మొహం మీదే అనేశారు.

ఇక 2020 ఫిబ్రవరి ఒకటి చెప్పాలి. ఆ ఏడు మన రెండు జట్లూ క్వార్టరు ఫైనల్సుకు చేరుకున్నాయి. రెండు ఆటలూ ఒకే రోజుల్లో, 20 నుంచి 24 వరకు. ఒడిశా వారు కటకంలో బెంగాలుతో, ఆంధ్ర వారు ఒంగోలులో సౌరాష్ట్రతో. కటకంలో మొదటి పూట బెంగాలువారు 46 పరుగులకు 5 వికెట్లు పారేసుకున్నారు. మేము మా ఇంటావిడతో, ఈ సాయంత్రం కజ్జికాయలు చేయమన్నాము. చేసేలోగా అనూష్టుప్ మజుందార్ అనే ఆయన పాతుకుపోయి 157 పరుగులు తీశాడు. 46కి 5 వికెట్లు పోయిన జట్టు 332 చేసింది. మనవాళ్ళు 250 దగ్గర ఆగిపోయారు. అక్కడ ఒంగోలులో సౌరాష్ట్ర 419 చేస్తే ఆంధ్ర 136కే కూలిపోయింది. ఆ పోటీలో ఆట తేలకపోతే మొదటి ఇన్నింగ్సు ఆధిక్యమే గెలుపు. రెండు ఆటలూ తేలలేదు. రెండు చోట్లా మనవాళ్ళే ఇంటికి పోయారు. కజ్జికాయలు మాత్రం మిగిలాయి. అవి మూడు రోజులు తిన్నాము.

సరే, రాష్ట్ర జట్లు పేదవి, పాపం, డబ్బున్న జట్లు ఉన్నాయి గదా అంటారు. వాటి కథ ఇంకా చిత్రం. ఐపీఎల్ మొదలైన 2008లో హైదరాబాదు పేరుతో డెక్కన్ ఛార్జర్సు అని ఒక జట్టు వచ్చింది. మొదటి ఏడే అందరికన్న అడుగున నిలిచింది. మేము విసిగి మానుకున్నాము. మరుసటి ఏడు, 2009లో, దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో అదే జట్టు కప్పు గెలిచింది. మేము మానుకున్న ఏడే గెలవడం మా ఇంటావిడ వాదానికి పెద్ద సాక్ష్యమైంది. 2010లో ఆ జట్టు కటకం బారాబతీ మైదానానికి కూడా వచ్చి ఆడింది. ఆహా, తెలుగు జట్టు ఒరియా గడ్డ మీద ఆడుతోంది, ఇది మన కోసమే అని మేము మురిసిపోయాము. 2012 తిరిగేసరికి ఆ జట్టే లేదు! డబ్బు తగాదాల్లో రద్దయిపోయింది. కప్పు గెలిచిన జట్టు మూడేళ్ళలో మాయమైపోవడం మేము అదే మొదటిసారి చూశాము.

ఫుట్‌బాలులో ఇంకొక వింత. 2019లో ఢిల్లీ నుంచి ఒక జట్టు మూటాముల్లె సర్దుకుని భువనేశ్వరం వచ్చి ఒడిశా ఎఫ్.సి. అని పేరు మార్చుకుంది. 2020-21లో అన్ని జట్లకన్న చివరన నిలిచింది. మా అలవాటు చొప్పున తిట్టుకున్నాము. 2023 ఏప్రిల్లో కోళిక్కోడులో బెంగుళూరువారిని 2-1తో ఓడించి సూపర్ కప్పు తెచ్చింది. ఆ రాత్రి వీధిలో మిఠాయి పంచాము. అటు హైదరాబాదు జట్టు 2022లో లీగు కప్పు గెలిచింది, రెండేళ్ళు తిరిగేసరికి ఇరవైరెండు ఆటల్లో ఒక్కటి మాత్రమే గెలిచి అట్టడుగుకు పోయింది, 2025లో ఊరే వదిలి ఢిల్లీకి వెళ్ళిపోయింది. ఢిల్లీ నుంచి మనకొకటి వచ్చింది, మననుంచి ఢిల్లీకి ఒకటి పోయింది. అద్దె ఇల్లు మారినట్టు జట్లు ఊళ్ళు మారుతుంటే అభిమానం అనే సామాను ఏ బండిలో ఎక్కించాలో మాకు తెలియడం లేదు.

కబడ్డీ అయినా మన ఆట గదా, అందులోనైనా పరువు దక్కుతుందేమోనని తెలుగు టైటన్సును నమ్ముకున్నాము. జట్టు పేరులోనే తెలుగు ఉంది. ఇంకేం కావాలి? 2021-22లో ఇరవైరెండు ఆటలు ఆడి ఒకటి గెలిచారు. 2022లో ఇరవైరెండు ఆడి రెండు గెలిచారు. పవన్ సెహ్రావత్ అనే మేటి ఆటగాణ్ణి రెండు కోట్ల అరవై లక్షల పైచిలుకు పోసి కొన్నారు. 2023-24లో మళ్ళీ ఇరవైరెండు ఆడి రెండే గెలిచారు. మూడేళ్ళు, అరవైయారు ఆటలు, అయిదు గెలుపులు. 2025లో తల ఎత్తుకుని చివరి మెట్ల దాకా వచ్చారు. అదిగో ఇదిగో అనేలోగా అక్కడ జారిపడ్డారు. అయినా ఆ ఏడు వారి మీద కోపం రాలేదు. చాలా రోజుల జ్వరం తరవాత పిల్లవాడు రెండు ముద్దలు అన్నం తిన్నట్టు సంతోషించాము.

మనకు ఎప్పుడూ ఇంతేనా అని పిల్లలు అడుగుతారు. కాదు. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు రోవర్సు కప్పు గెలిచిన జట్టు హైదరాబాదు సిటీ పోలీసు. వారికి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు చేతిలోనే భారత జట్టు 1956 ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వచ్చింది, 1962 ఏషియన్ క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. మరి మన గంజాంలోనో? బరంపురం కుర్రవాడు కాటులు రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడల్లో 69 కిలోల తరగతిలో బరువులెత్తి బంగారు పతకం గెలిచాడు, 2014లో గ్లాస్గోలో 77 కిలోల తరగతిలో వెండి పతకం తెచ్చాడు. పట్టు చీరలకు పేరుపడ్డ ఊరినుంచి ఇనుము ఎత్తేవాడు పుట్టుకొచ్చాడని ఆనాడు మేము అందరికీ చెప్పుకున్నాము. చెప్పుకోవడమే గాని, ఆ అబ్బాయి బరువులెత్తడం నేర్చుకున్న రోజుల్లో ఒక్కనాడైనా వెళ్ళి చూశామా? లేదు. ఆ మాట ముందు కాస్సేపు అలా ఉంచండి. మళ్ళీ దానికే వస్తాము.

కళాశాల జట్ల సంగతి కూడా చెప్పాలి గదా. మా అన్నయ్య మనుమడొకడు మన జిల్లాలోనే ఒక కళాశాలలో డిగ్రీ చదువుతూ వాలీబాలు ఆడేవాడు. ఏ కళాశాల అని అడగకండి, చెప్పము. 2023 చివర బరంపురంలో కళాశాలల మధ్య పోటీ. వాళ్ళ జట్టు ఫైనలుకు వచ్చిందన్నారు. మేము తెల్లవారుజామున లేచి, పులిహోర పొట్లం కట్టించుకుని, ఆస్కా, హింజిలికట్టు మీదుగా బస్సులో రెండు గంటల పైన ఊగుతూ వెళ్ళాము. వెళ్ళి చూద్దుము గదా, మన జట్టుకు సరిగ్గా ఆరుగురే ఉన్నారు. మార్చడానికి ఏడో మనిషి లేడు. ఒకడికి పరీక్ష, ఒకడికి అక్క పెళ్ళి, ఒకడికి బస్సు ఛార్జి ఎవరూ ఇవ్వలేదు. చొక్కాల మీద అంకెలు లేవు. మందుల దుకాణంలో తెల్లటి ప్లాస్టరు కొని అంకెలుగా అంటించుకున్నారు. నేర్పే మాస్టారికి వేరే పని పడిందట.

అయినా మొదటి రెండు సెట్లూ గెలిచారు! మా చిన్నోడు లిఫ్టరు. వాడు బంతిని పువ్వులా పైకి అందిస్తుంటే షూటరు కుర్రాడు నెట్టు అవతలికి పిడుగులా కొట్టేవాడు. మూడో సెట్టు మధ్యలో ఆ షూటరుకు పిక్క పట్టేసింది. కూర్చోబెడదామంటే బదులు మనిషి లేడు. కుంటుతూనే ఆడాడు. చెమటకు ప్లాస్టరు ఊడిపోయి వాడి వీపు మీది 7 కాస్తా 1 అయింది. మూడు సెట్లు వరసగా పోయాయి. ఆట అయ్యాక మేము ఊరుకోలేదు. ఆ పిల్లల దగ్గరికి వెళ్ళి, అక్కడ బ్లాకు పెట్టలేదేమి, ఇక్కడ సర్వీసు నెట్టుకేల కొట్టావు అని పావుగంట ఉపన్యాసం ఇచ్చాము. అందరూ తలలు వంచుకుని విన్నారు. పులిహోర పొట్లం మా సంచిలోనే ఉండిపోయింది. దాన్ని పిల్లలకు పెట్టాలని మాకు తోచనే లేదు. హింజిలికట్టు దగ్గర బస్సులో మేమే తిన్నాము. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అభిమానికి కోపం రావడం సహజమే. కాని కోపానికీ ఒక మర్యాద ఉంది. 2015 అక్టోబరు 5న కటకంలో భారత జట్టు దక్షిణాఫ్రికా చేతిలో 92 పరుగులకే కుప్పకూలినప్పుడు జనం నీళ్ళ సీసాలు మైదానంలోకి విసిరారు. ఆట ఆగింది. లోకమంతా చూసింది. ఆ రాత్రి మేము "ఛీ, ఇదేం జనం" అనుకున్నాము. బరంపురంలో ఆరుగురు పిల్లల మీద మేము విసిరింది కూడా అటువంటిదే. సీసా కాదు గనుక ఎవరూ పట్టుకోలేదు, అంతే.

ఇక మిగిలింది 2024 మే 26. ఆదివారం. ఆ ఏడు సన్‌రైజర్సు హైదరాబాదు వారి దూకుడు మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 15న బెంగుళూరులో ఇరవై ఓవర్లలో 287 పరుగులు! ఫైనలు చెన్నైలో, కలకత్తా వారితో. ఆ సాయంత్రమే మా చిన్నోడి పేటలో దీపాల వెలుగులో వాలీబాలు పోటీ ఫైనలు. వేసవి సెలవులకు వచ్చిన కుర్రాళ్ళంతా చందాలు వేసుకుని జరిపించుకున్నారు. ఒడియా పిల్లలు, తెలుగు పిల్లలు కలిసిన జట్లు. వాడు మూడు రోజుల ముందే వచ్చి, "చినతాతా, ఆదివారం మీరు రావాలి" అన్నాడు. వస్తానన్నాము. ఆదివారం ఏడు గంటలకు వాడి తమ్ముడు వచ్చి పిలిచాడు. "నువ్వు పద, పవర్‌ప్లే చూసి వచ్చేస్తాను" అన్నాము.

ఆ ఆట ఎలా జరిగిందో చెప్పనక్కర్లేదు. 287 చేసిన జట్టు 113కే మూటకట్టుకుంది. కలకత్తావారు పదకొండు ఓవర్లయినా పూర్తి కాకుండానే, రెండే వికెట్లు పోగొట్టుకుని కప్పు పట్టుకుపోయారు. పవర్‌ప్లే చూసి లేవవలసిన వాళ్ళం, మరొక్క ఓవరు, మరొక్క ఓవరు అంటూ చివరిదాకా కూర్చున్నాము. అన్నం సయించలేదు. పది గంటలవేళ చిన్నోడు వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము, చేతిలో ఒక స్టీలు బిందె. గెలిచిన జట్టులో ఒక్కొక్కరికీ ఒక్కొక్క బిందె ఇచ్చారట. అది తెచ్చి మా ఇంటావిడ చేతిలో పెట్టి, "నాయనమ్మా, నీకే" అన్నాడు. మా వైపు తిరిగి, "చినతాతా, మీవాళ్ళు గెలిచారా?" అని అడిగాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

మేము జవాబు చెప్పలేదు. 'మీవాళ్ళు' అన్నాడు వాడు. చెన్నైలో ఆడిన పదకొండుమంది మావాళ్ళట. వాళ్ళ నాయకుడు ఆస్ట్రేలియా దేశస్థుడు. మావాడేమో దుమ్ముకొట్టుకుని గుమ్మంలో నిలుచున్నాడు. ఆ బిందెలోనే ఇప్పుడు మా ఇంట్లో మంచినీళ్ళు పడుతున్నారు. ముంచుకున్నప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది.

తరవాతి ఆదివారం మేమే కుర్చీ పట్టుకుని ఆ మైదానానికి వెళ్ళాము. పోటీ ఏమీ లేదు, ఊరికే ఆడుకుంటున్నారు. పెద్దవాళ్ళం నలుగురమే ఉన్నాము. ఒక ఒడియా మాస్టారు, ఉద్యోగం మాని చాలా ఏళ్ళయినవారు, ఆట మొదలు కాకముందే బకెట్టుతో నీళ్ళు జల్లి దుమ్ము అణచేస్తున్నారు. ఆయన దగ్గర గళ్ళ నోటుపుస్తకం ఒకటి ఉంది. ఆ మైదానంలో జరిగిన ప్రతి ఆటలోనూ ఏ సెట్టు ఎవరిది, ఎన్ని పాయింట్లు అని తేదీతో సహా రాసుకుంటున్నారు. మే 26 పుట చూపించమన్నాము. అయిదో సెట్టు 15-13. ఒక పేరు కింద గీత గీసి ఉంది, అది మా చిన్నోడి పేరు. ఆయనకు తెలుగు వచ్చు. "మీ ఇంటి పిల్లవాడే గదా, ఆ రోజు మీరు కనపడలేదే?" అన్నారు. తలనొప్పి అని చెప్పాము. అబద్ధం. ఈ పత్రిక ఆయన చూస్తారు గనుక ఇక్కడ ఒప్పేసుకుంటున్నాము.

ఏది మన జట్టు అనే ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఉంటే మాకు సి.కె. నాయుడుగారు గుర్తొచ్చారు. తెలుగు కుటుంబం. పుట్టింది 1895లో నాగపూరులో. 1932లో లార్డ్సు మైదానంలో భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టుకు నాయకుడు. ఇందూరు చేరి హోల్కర్ జట్టును రంజీలో మేటిగా నిలబెట్టిందీ ఆయనే. ఆంధ్ర తరఫునా ఆడారు, ఉత్తరప్రదేశ్ తరఫునా ఆడారు. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి జట్టును తనదనుకున్నారు గాని, మా తాతల ఊరు వేరు అని పెట్టె సర్దుకుని కూర్చోలేదు. మూడు నాలుగు తరాలుగా ఇక్కడ ఉన్న మనకు అంతకన్న సులువైన లెక్క ఏముంది? నడిచి వెళ్ళి చూడగలిగిన జట్టు మొదట మనది. మిగతావి తరవాత.

అలాగని టీవీ కట్టేశామనుకునేరు! కట్టలేదు. టైటన్సు ఆడితే చూస్తాము, ఒడిశా ఆడితే చూస్తాము, ఇద్దరూ ఓడితే ఇదివరకటిలాగే అరుగు మీద కూర్చుని విచారిస్తాము. ఓటమి మా ఇంటికి పాత చుట్టం, రావద్దంటే బాగుండదు. కాని ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి దీపాలు పెట్టేవేళ దాకా మేము ఇంట్లో దొరకము.

మన సంఘంవారికి ఒక్క మనవి. వార్షికోత్సవానికి దండలకూ శాలువలకూ పెట్టే ఖర్చులో కొంచెం తగ్గించి, మన పిల్లలు ఆడే జట్లకు అంకెలున్న చొక్కాలు కుట్టిద్దాము. బరంపురం వెళ్ళేటప్పుడు ఏడో పిల్లవాడికి, ఎనిమిదో పిల్లవాడికి బస్సు ఛార్జి మనం పెట్టుకుందాము. తల్లులకు ఇంకొక మనవి. ఆడపిల్లలు కూడా నెట్టు అవతలినుంచి ఆశగా చూస్తున్నారు, వాళ్ళను సాయంత్రం ఒక గంట వదలండి. ఇక మాబోటి పెద్దవాళ్ళు చేయవలసింది తేలిక. కుర్చీ తెచ్చుకోవాలి, నోరు అదుపులో పెట్టుకోవాలి. పులిహోర పొట్లం విప్పి ముందు పిల్లలకు పెట్టాలి. గెలుపూ ఓటమీ ఆ తరవాత మాట్లాడుకోవచ్చు.

ఇది రాస్తూ ఉండగా మా ఇంటావిడ వచ్చి, "ఇవాళ మీరు వెళితే ఆ కుర్రాళ్ళు కూడా ఓడిపోతారేమో" అంది. నిరుడు మేము చూసిన ఆటలు మాస్టారి నోటుపుస్తకంలో లెక్కపెట్టించాము. సగం గెలిచారు, సగం ఓడారు. రెండు జట్లూ మనవే గనుక ఆ లెక్క తప్పే వీలు లేదట.

వచ్చే నెల మరి కొన్ని కబుర్లతో కలుసుకుందాము. సెలవు.